పాలిచ్చిన నెలల లెక్క మన ఫైల్లో కూడా ఉండాలి

బిడ్డ పుట్టగానే అందరూ చెప్పేది ఒకటే మాట, తల్లిపాలు బిడ్డకి చాలా మంచిది, ఇమ్యూనిటీ వస్తుంది, విరేచనాలు తక్కువ, జబ్బులు తక్కువ అని. అన్నీ నిజమే. కానీ పాలిచ్చే మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది, పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో దాని ప్రభావం ఎక్కడ తేలుతుంది అని మాత్రం ఎవరూ చెప్పరు, మనమూ అడగం. నేను ఇద్దరు పిల్లలకి పాలిచ్చాను, రెండోవాడికి పాలు మాన్పించి ఏడాది దాటాక గానీ నాకు తెలీలేదు ఇది నా షుగర్‌కీ నా గుండెకీ నా క్యాన్సర్ రిస్క్‌కీ కూడా సంబంధం ఉన్న విషయమని. ముందే తెలిసుంటే ఒక టెస్ట్ టైంకి చేయించుకునేదాన్ని. అందుకే ఇది రాస్తున్నా, ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళకీ పాలిస్తున్నవాళ్ళకీ ఎప్పుడో ఇచ్చేసి మర్చిపోయినవాళ్ళకీ కూడా పనికొస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఫోన్‌లో నోట్స్ అయినా సరే. ఒక్కో బిడ్డకి ఒక్కో లైన్ రాయండి: పుట్టినప్పుడు మీ వయసెంత, ఎన్ని నెలలు పాలు మాత్రమే ఇచ్చారు, పై తిండి మొదలయ్యాక కూడా కలుపుకుని మొత్తం ఎన్ని నెలలు ఇచ్చారు, నెలసరి మళ్ళీ ఎప్పుడొచ్చింది, ఆపడానికి కారణం ఏంటి. పంప్ చేసి పట్టినా అది పాలిచ్చినట్టే, దాన్ని వదిలేయకండి. ఒక బిడ్డకి అసలు ఇవ్వలేకపోతే సున్నా అని రాయండి, సున్నా కూడా డాక్టర్‌కి పనికొచ్చే సమాచారమే. చివర్లో అన్నీ కూడండి. నాకు మొదటిసారి 13, రెండోసారి 18, మొత్తం 31 నెలలు.

పక్కనే ఇంకో రెండు విషయాలు రాయాలి, ఇవి చాలా ముఖ్యం: ఏ ప్రెగ్నెన్సీలో అయినా షుగర్ వచ్చిందా, బీపీ పెరిగిందా. డెలివరీ అయ్యాక చాలామందికి ఈ రెండూ తగ్గిపోతాయి కాబట్టి అయిపోయిందిలే అనుకుంటాం, అక్కడే పొరపాటు జరుగుతుంది, దాని గురించి కింద రాస్తా.

మొత్తం కూడమన్నది ఎందుకంటే, తల్లి ఆరోగ్యం మీద జరిగిన స్టడీల్లో చాలావాటిలో చూసింది ఒక బిడ్డకి ఎన్నాళ్ళు ఇచ్చారని కాదు, జీవితం మొత్తంలో కలిపి ఎన్ని నెలలు ఇచ్చారని. ఒకరికి 6 నెలలు, ఇంకొకరికి 6 నెలలు ఇచ్చినా అది 12 కిందే లెక్క.

క్యాన్సర్ సంగతి

ఇది కొత్తగా బయటపడిన విషయం కూడా కాదు. 1926లోనే బ్రిటన్‌లో జానెట్ లేన్ క్లేపన్ అనే డాక్టర్ బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిన 500 మంది ఆడవాళ్ళనీ రాని 500 మందినీ పోల్చి చూసి, క్యాన్సర్ వచ్చినవాళ్ళలో పిల్లలు తక్కువ, పాలిచ్చిన కాలం తక్కువ అని గమనించింది. అంటే దాదాపు వందేళ్ళ నాటి మాట, అయినా ఇప్పటికీ చాలామంది తల్లులకి చేరలేదు, నాకు బాధ అనిపించేది అదే.

2002లో 30 దేశాల్లో జరిగిన 47 స్టడీలని ఒకచోట చేర్చి లెక్క కట్టారు, అందులో బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చినవాళ్ళే 50 వేలకి పైన, రానివాళ్ళు దాదాపు 97 వేలు. తేలిందేంటంటే పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రిస్క్ 4.3 శాతం తగ్గుతుంది, అది కాకుండా ఒక్కో కాన్పుకి ఇంకో 7 శాతం. ఆ లెక్కన నా 31 నెలలకి సుమారు 11 శాతం తగ్గినట్టు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అర్థం చేసుకోవాలి, 11 శాతం తగ్గడం అంటే వందలో 11 మంది తప్పించుకున్నట్టు కాదు, నాలాంటివాళ్ళకి మామూలుగా ఎంత రిస్క్ ఉంటుందో ఆ రిస్క్‌లో నూటికి పదకొండు వంతులు తగ్గినట్టు, అది కూడా వేలమంది సగటు, నా ఒక్కదాని జాతకం కాదు. అదే స్టడీ ఇంకో మాట కూడా చెప్పింది, పిల్లలు తక్కువగా ఉండి పాలు తక్కువకాలం ఇచ్చే ధనిక దేశాల్లో 70 ఏళ్ళ వయసు లోపు వందలో 6.3 మందికి బ్రెస్ట్ క్యాన్సర్ వస్తోంటే, వాళ్ళకీ మిగతా దేశాల్లోలాగా కాన్పులూ పాలిచ్చే కాలమూ ఉంటే అది 2.7కి పడిపోయేదని, ఆ తగ్గుదలలో మూడింట రెండొంతుల దాకా పాలివ్వడం వల్లేనని.

ఎలా అంటే, పాలు తయారు చేసేటప్పుడు రొమ్ములోని కణాలు పూర్తిగా ముదిరి వాటి పనిలో అవి స్థిరపడతాయి, పాలిచ్చే మొదటి నెలల్లో చాలామందికి అండం విడుదల ఆగుతుంది కాబట్టి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కి దిగే సైకిల్స్ తగ్గుతాయి, పాలు మాన్పించాక పాత కణాలు చాలా రాలిపోతాయి. అండాశయం క్యాన్సర్‌కి కూడా ఇలాంటి కారణమే చెప్తారు, నెలనెలా అండం బయటికి వచ్చేటప్పుడు అండాశయం పైపొర చిట్లి మళ్ళీ మానుతుంది, ఆ పనికి కొన్ని నెలల సెలవు దొరుకుతుందన్నమాట. 2020లో 13 స్టడీలు కలిపి చూస్తే పాలిచ్చినవాళ్ళలో అండాశయం క్యాన్సర్ 24 శాతం తక్కువ కనిపించింది, కొద్ది నెలలే ఇచ్చినవాళ్ళలో కూడా తేడా ఉంది, ఎక్కువ నెలలు ఇచ్చినవాళ్ళలో ఇంకా ఎక్కువ.

అందుకని నేను పాలిచ్చాను నాకేం రాదులే అనుకోవద్దు, దయచేసి అనుకోవద్దు. పాలిచ్చినవాళ్ళకి కూడా క్యాన్సర్ వస్తుంది. మీ వయసుకి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) ఎప్పుడు మొదలెట్టాలో, అమ్మకో అక్కకో వచ్చి ఉంటే ఎంత ముందు మొదలెట్టాలో డాక్టర్‌ని అడిగి రాసి పెట్టుకోండి.

పాలిచ్చే రోజుల్లో గడ్డ తగిలితే

పాలిచ్చే రొమ్ములో గడ్డలు తగులుతూనే ఉంటాయి, పాలు కట్టడం వల్లే చాలాసార్లు, బిడ్డ తాగాక మెత్తబడతాయి. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. రెండు వారాలైనా అదే చోట అలాగే ఉంటే, లేకపోతే ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు వాడినా ఎరుపూ వాపూ తగ్గకపోతే, చర్మం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా అయితే వెంటనే చూపించాలి. పాలు మాన్పించాక చూద్దాంలే అని ఎవరు చెప్పినా వినకండి. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) కూడా పాలిస్తూనే చేయించుకోవచ్చు, స్కానింగ్‌కి వెళ్ళేముందు బిడ్డకి పాలు పట్టి వెళ్తే రొమ్ము మెత్తగా ఉండి సులువవుతుంది.

షుగర్, ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా

ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే, మనం వెంటనే చేయగలిగింది కూడా ఇక్కడే ఎక్కువ.

పాలు బాగా పడ్డాక రోజుకి ముప్పావు లీటర్ దాకా తయారవుతాయి. తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకి దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, అంటే రోజుకి 50 గ్రాములకి పైగా చక్కెర, అందులో ఎక్కువభాగం మన రక్తంలోని గ్లూకోజ్ నుంచే రొమ్ములో తయారవుతుంది. దానికి తోడు కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన కొవ్వు కూడా పాలలోకి వెళ్తుంది, మొత్తం మీద రోజుకి 500 క్యాలరీల వరకు ఖర్చు. ప్రెగ్నెన్సీలో ఒళ్ళు ఇన్సులిన్‌కి సరిగ్గా స్పందించకుండా మారిపోయి ఉంటుంది కదా, రక్తంలో కొవ్వులు పెరిగి ఉంటాయి కదా, పాలివ్వడం ఆ మార్పులన్నిటినీ త్వరగా వెనక్కి తిప్పుతుంది, మెషీన్‌ని రీసెట్ చేసినట్టు. పాలివ్వకపోతే ఆ మార్పులు సర్దుకోవడానికి ఎక్కువ టైం పడుతుంది.

అమెరికాలో 1,238 మంది ఆడవాళ్ళని 30 ఏళ్ళు వెంటబడి చూసిన స్టడీ ఒకటుంది, 2018లో బయటికొచ్చింది. అసలు పాలివ్వనివాళ్ళతో పోలిస్తే 6 నెలల లోపు ఇచ్చినవాళ్ళలో టైప్ 2 డయాబెటిస్ 25 శాతం తక్కువ, 6 నెలల నుంచి ఏడాది లోపు ఇచ్చినవాళ్ళలో 48 శాతం, ఏడాది దాటితే 47 శాతం తక్కువ. అంటే సగం దాకా. ఇంకా ముఖ్యమైన సంగతి, ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చినవాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది, నిజానికి ఎక్కువ అవసరం ఉన్నది వాళ్ళకే, ఎందుకంటే ప్రెగ్నెన్సీ షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే 7 రెట్లకి పైనే.

నాకు రెండో ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది. డెలివరీ అయ్యాక రీడింగ్ నార్మల్ అని ఇంటికి పంపించేశారు, మళ్ళీ టెస్ట్ చేయించుకోవాలని ఆ కాగితాల్లో ఎక్కడా రాయలేదు, నాకూ బిడ్డ టీకాల తేదీలు గుర్తున్నంతగా నా తేదీలు గుర్తులేవు. రెండున్నరేళ్ళ తర్వాత వేరే దేనికో రక్తం ఇస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ అని తేలింది. కాబట్టి ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి: ప్రెగ్నెన్సీ షుగర్ వచ్చిన ప్రతి ఒక్కరూ డెలివరీ అయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే టెస్ట్ చేయించుకోవాలి. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ టెస్ట్ ఒక్కటే సరిపోదు, కాన్పులో రక్తం పోయి కొత్త రక్తకణాలు పుడుతుంటాయి కాబట్టి ఆ రోజుల్లో అది అసలు కంటే తక్కువ చూపించొచ్చు. ఆ టెస్ట్ నార్మల్ వచ్చినా సరే తర్వాత 1 నుంచి 3 ఏళ్ళకోసారి జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. పాలిచ్చాను కదా అని మానేయకూడదు, పాలివ్వడం రిస్క్‌ని తగ్గిస్తుంది గానీ చెరిపేయదు.

ఇంకో చిన్న మాట, పాలిచ్చినన్నాళ్ళూ ఆకలి బాగా వేస్తుంది, మాన్పించాక ఆ 500 క్యాలరీల ఖర్చు ఆగిపోతుంది గానీ తిండి అలవాటు అలాగే ఉండిపోతుంది. నేను బరువు పెరిగింది పాలిచ్చేటప్పుడు కాదు, మాన్పించిన ఆరు నెలల్లో. మాన్పించడం మొదలెట్టినప్పుడే తినే పరిమాణం కూడా కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

గుండె, బీపీ

2022లో 8 స్టడీలు కలిపి దాదాపు 12 లక్షల మంది తల్లుల్ని చూశారు. ఎప్పుడైనా పాలిచ్చినవాళ్ళలో గుండె రక్తనాళాల జబ్బులు 11 శాతం, పక్షవాతం 12 శాతం, ఆ జబ్బులతో చనిపోవడం 17 శాతం తక్కువ. ఇలాంటి స్టడీల్లో ఒక ఇబ్బంది ఉంటుంది, ఎక్కువకాలం పాలిచ్చేవాళ్ళు మిగతా విషయాల్లో కూడా ఆరోగ్యంగా ఉండే అవకాశం ఉంది, పొగ తాగకపోవడం, బరువు అదుపులో ఉండడం లాంటివి, అందుకే ఈ అంకెల్ని దారి చూపించే బోర్డులా చూడాలి, గ్యారంటీ కార్డులా కాదు.

ప్రెగ్నెన్సీలో బీపీ పెరిగినవాళ్ళు, ముఖ్యంగా ప్రీఎక్లాంప్సియా (బీపీ పెరిగి, మామూలుగా మూత్రంలో ప్రొటీన్ కూడా పోయే పరిస్థితి) వచ్చినవాళ్ళు దీన్ని ఇంకా సీరియస్‌గా తీసుకోవాలి, వాళ్ళకి తర్వాత గుండెజబ్బు రిస్క్ దాదాపు రెట్టింపు. ఏడాదికోసారైనా బీపీ చూపించుకోండి, 35 ఏళ్ళే కదా అని వదిలేయకండి. డాక్టర్ బీపీ మందు రాస్తే పాలిస్తున్నానని చెప్పండి, పాలిస్తూ వాడదగ్గ బీపీ మందులు ఉన్నాయి, మందు కోసం పాలు మాన్పించాల్సిన అవసరం చాలామందికి రాదు.

ఎముకల భయం

పాలిస్తే ఎముకలు గుల్లబారిపోతాయని చాలామంది భయపెడతారు. పాలిచ్చే నెలల్లో ఎముకల్లోంచి కాల్షియం పోయేమాట నిజం, వెన్నెముకలో 3 నుంచి 7 శాతం దాకా సాంద్రత తగ్గుతుంది, కానీ మాన్పించాక ఏడాది లోపు చాలామందికి తిరిగి వచ్చేస్తుంది, ముసలితనంలో ఎముకలు విరిగే రిస్క్ పెరిగినట్టు స్టడీల్లో తేలలేదు. రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం, సరిపడా విటమిన్ డి ఉంటే చాలు. నడుం నొప్పి మరీ తీవ్రంగా ఉంటే మాత్రం పాలిచ్చేటప్పుడు మామూలే అనుకోకుండా చూపించండి. రొమ్ములు జారిపోతాయన్న భయం కూడా అంతే, దానికి కారణం కాన్పుల సంఖ్య, వయసు, బరువు, పొగతాగడం, పాలివ్వడం కాదు.

నెలసరి రాకపోతే ప్రెగ్నెన్సీ రాదా

పాలివ్వడాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోవాలంటే మూడూ ఒకేసారి ఉండాలి: బిడ్డ వయసు 6 నెలల లోపు, రాత్రీ పగలూ పాలు తప్ప ఇంకేం పట్టకపోవడం, నెలసరి మళ్ళీ మొదలవకపోవడం. మూడూ ఉంటే 98 శాతం పైగా పనిచేస్తుంది. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి వెంటనే మొదలెట్టాలి, ఎందుకంటే నెలసరి రాకముందే అండం విడుదలైపోవచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు డెలివరీ అయిన మొదటి 6 వారాల్లో పాలిచ్చేవాళ్ళు వాడకూడదు, ఆ తర్వాత కూడా 6 నెలల దాకా డాక్టర్‌ని అడక్కుండా వద్దు. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఉండడం కూడా మన రక్తం, బలం నిలబడడానికి ముఖ్యమే కాబట్టి ఈ విషయం చిన్నదిగా చూడకండి.

ఎక్కువకాలం ఇవ్వాలంటే

నెలలు పెరిగే కొద్దీ మనకి లాభం పెరుగుతుందని తెలిసింది కదా, మరి ఇవ్వగలగాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పుట్టిన గంట లోపు మొదలెట్టమని, 6 నెలలు పాలు మాత్రమే ఇవ్వమని, ఆ తర్వాత పై తిండితో పాటు 2 ఏళ్ళు, ఇష్టమైతే ఇంకా. గంట లోపు అనడంలో మన లాభం కూడా ఉంది, బిడ్డ చప్పరించేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది. మొదటి రోజుల్లో పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది చూడండి, అది ఇదే.

కొందరు మొదటి వారాల్లోనే ఆపేస్తారు, నొప్పి వల్ల, పాలు చాలట్లేదన్న అనుమానం వల్ల. బిడ్డ నోరు బాగా తెరిచి చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకోవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. మొదటి కొన్ని సెకన్లు దాటాక కూడా నొప్పి ఉంటే పట్టు సరిగ్గా లేనట్టే, వేలితో మెల్లగా విడిపించి మళ్ళీ పట్టించండి. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగడం మామూలే, ఏడుస్తోంది కాబట్టి పాలు లేవు అనుకోవద్దు, మూత్రం ఎన్నిసార్లు పోస్తోంది, బరువు పెరుగుతోందా చూడండి. వారం లోపే చనుమొనలు చిట్లితే లాక్టేషన్ కౌన్సెలర్‌కో (పాలివ్వడంలో సాయం చేసేవాళ్ళు) అనుభవం ఉన్న నర్సుకో చూపించండి, ఆ ఒక్కరోజు సాయం వల్ల ఏడాది పాలివ్వగలిగినవాళ్ళున్నారు. ఇక ఇంట్లోవాళ్ళు చేయాల్సింది బిడ్డని ఎత్తుకుని డబ్బా పాలు పట్టడం కాదు, తల్లికి నిద్రా తిండీ దొరికేలా చూడడం.

మాన్పించేటప్పుడు ఒక్కసారిగా ఆపకండి, కొన్ని రోజులకో ఫీడ్ చొప్పున తగ్గించండి. పాలు కట్టి జ్వరం రాకుండా ఉంటుంది, మనసు కూడా ఒక్కసారిగా కుంగకుండా ఉంటుంది, హార్మోన్లు పడిపోయే ఆ వారాల్లో కారణం లేకుండా ఏడుపొస్తుంటే, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

ఇవ్వలేకపోయినవాళ్ళకి

ఇది చదువుతూ గుండె బరువెక్కినవాళ్ళు ఉంటారు. కొన్ని మందులు వాడాల్సి రావడం, క్యాన్సర్ ట్రీట్‌మెంట్, బిడ్డకి గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరని ఒళ్ళు వాడుకోలేకపోవడం) లాంటి పుట్టుకతో వచ్చే జబ్బు, ఎంత ప్రయత్నించినా పాలు పడకపోవడం, పాలిచ్చిన ప్రతిసారీ డిప్రెషన్‌లోకి జారిపోవడం, ఇవన్నీ నిజమైన కారణాలు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పాలివ్వడం అనేది రిస్క్‌ని మార్చే చాలా విషయాల్లో ఒకటి మాత్రమే. నడక, బరువు, పొగాకూ మద్యమూ లేకపోవడం, టైంకి టెస్టులు, ఇవి మన చేతిలో ఉన్నవి, వీటి ప్రభావం చిన్నదేం కాదు. మీరు చేయాల్సింది ఒకటే, ఆ సున్నాని దాచకుండా రాసి డాక్టర్‌కి చూపించడం, దాన్నిబట్టి షుగర్, బీపీ చెకప్‌లు ఎంత తరచుగా కావాలో వాళ్ళు చెప్తారు.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి

జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతారు గానీ మన కాన్పుల గురించి అడిగేవాళ్ళు తక్కువ. అందుకని మనమే చెప్పాలి. నేను ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఇలా చెప్తున్నా: "మేడమ్, నాకు ఇద్దరు పిల్లలు, రెండోసారి ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది, మొత్తం 31 నెలలు పాలిచ్చాను, డెలివరీ తర్వాత చేయాల్సిన గ్లూకోజ్ టెస్ట్ అప్పుడు చేయించలేదు, ఇప్పుడు ఎన్నాళ్ళకోసారి చూపించుకోవాలి?" అర నిమిషం పడుతుంది అంతే. మొదటిసారి ఇలా చెప్పినప్పుడు ఆవిడ పెన్ను తీసి రాసుకున్నారు, ఆ తర్వాత కొలెస్ట్రాల్ కూడా చేయిద్దాం అన్నారు.

మీ అమ్మగారి లెక్క, అత్తగారి లెక్క కూడా అడిగి రాయండి. అరవై దాటినవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది, ప్రెగ్నెన్సీలో బీపీ వచ్చిందని అమ్మ నాకు చెప్పింది నేను అడిగాకే, ముప్ఫై ఏళ్ళుగా ఏ డాక్టర్‌కీ చెప్పలేదట. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, కింద తర్వాతి షుగర్ టెస్ట్ తేదీ వేసి, బిడ్డ టీకాలకి పెట్టినట్టే దానికీ అలారం పెట్టండి.